తాగినోళ్ళ నెత్తురు

"రోజుకు ఎంత తాగుతవ్?"

కంపెనీ డాక్టర్ రాజేందర్ కాగితం మీంచి కళ్ళెత్తకుండానే అడిగాడు. అడిగింది తనను కాదేమోనని అజమత్ వెనక్కి తిరిగి చూశాడు. వెనక గోడకానుకుని అమ్మ అమీనాబీ ఒక్కతే ఉంది.

"నేనా? చాయ్ తప్ప ఏం తాగ సార్."

"అందరు గదే చెప్తరు."

తాండూరులో నాపరాళ్ళ లారీ తోలుతాడు అజమత్. పోయిన నెల ఇంకో డ్రైవరు తాగి, లోడు బండిని ఘాటు మలుపులో బోల్తా కొట్టించాడు. ఇద్దరు హమాలీలు రాళ్ళ కింద నలిగిపోయారు. దాంతో కంపెనీవాళ్ళు డ్రైవర్లందరికీ రక్తపరీక్ష పెట్టించారు. తాగుడు బయటపడ్డవాడు లారీ తాళం ఇచ్చేసి పోవాల్సిందే. మంగళవారం పొద్దున కాంపౌండరు బిచ్చయ్య ఇంటింటికీ తిరిగి పరగడుపున సూది గుచ్చి, పేర్లు రాసిన సీసాలను ఐస్ డబ్బాలో పెట్టుకుని వికారాబాద్ రైలెక్కాడు. ఇవాళ రిపోర్టులొచ్చాయి.

లారీ గంట ఆలస్యమైతే కొడుకు శవాన్ని తెస్తున్నారనుకునే మనిషి అమీనాబీ. ఇవాళ మాత్రం ధైర్యంగానే వచ్చింది. "ఏం ఫికర్ చేయకు బేటా, మంచిగనే వస్తది" అని దారి పొడుగునా తనే చెప్పింది.

అసలు ఆమె భయమంతా పది రోజుల కిందటిది. ఆ రోజు అజమత్ చొక్కా కల్లు వాసన కొట్టింది.

"క్లీనర్ తాగి పడిపోతే భుజం మీదేస్కోని ఇంట్ల దింపొచ్చిన అమ్మీ" అన్నాడు.

ఆమె నమ్మలేదు. ఖురాన్ మీద చెయ్యేసి చెప్తానన్నాడు. వద్దంది. దొంగ ఒట్టు వేస్తే ఇంకేం కీడు చుట్టుకుంటుందోనని వణికింది.

"ఇగో," అన్నాడు డాక్టరు కాగితం మీద వేలు పెట్టి. "ఎర్ర కణాలు ఉండాల్సిన దాని కన్న ఉబ్బి పెద్దగైనయ్. తెల్ల కణాలు లెక్కకు మించినయ్. కార్జానికి కొవ్వు పడితే నెత్తురు గిట్లనే చెప్తది. ఏండ్ల సంది తాగెటోళ్ళ నెత్తురు ఇది." అప్పుడు తలెత్తి అజమత్‌ను ఎగాదిగా చూశాడు. "మనిషివి చీపురుపుల్ల లెక్క ఉన్నవ్. లోపల మాత్రం మస్తు పెంచినవ్."

అజమత్ చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "ఇంకోసారి తియ్యుండ్రి సార్. ఇప్పుడే, గిక్కడనే."

"ఒక్కొక్కనికి రెండుసార్లు తీస్కుంట కూసుంటే నా పని అయినట్టే. తాళం ఆడ పెట్టు."

గుమ్మంలో బిచ్చయ్య చేతిలో సూదుల పళ్ళెం గలగలమంది. చిన్నప్పటి నుంచి అమీనాబీ ఇంట్లో రొట్టె తిని పెరిగినవాడు. ఆమె వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

అమీనాబీ కొంగును మోచేతి దాకా లాక్కుంది. అడగదలచుకున్నది కాక ఇంకేదో అడిగింది.

"డాక్టర్ సాబ్, గిసొంటి నెత్తురున్న మనిషికి ఏమైతది?"

"మానకపోతే నాలుగైదేండ్లల్ల కడుపుల నీరు పడ్తది. ఇగ దేవుడే దిక్కు."

"ఏం మానాలె?"

"ఏందమ్మా, మళ్ళ మొదటికొస్తవ్? తాగుడు మానాలె."

"ఒక్క చుక్క గూడ ఎన్నడు ముట్టని మనిషైతే?"

డాక్టరు నవ్వాడు. "తాగనోళ్ళకు గిట్ల రాదు. అసొంటి మనిషి దొరికితే తోల్కరా, నేను గూడ చూస్త."

అజమత్ తాళం బల్ల మీద పెట్టాడు. చప్పుడు కాకుండా పెట్టాడు. అదే అమీనాబీకి ఇంకా కష్టంగా అనిపించింది.

బయట నాలుగు మెట్లున్నాయి. అమీనాబీ తన భారీ శరీరంతో ఒక్కో మెట్టు దిగి, ఆఖరి మెట్టు మీద ఆయాసంతో కూలబడింది. అజమత్ పక్కనే కూర్చున్నాడు. ఎదురుగా రాళ్ళ లోడుతో లారీ ఒకటి పోయింది. హారన్ కొట్టిన దోస్తు వైపు కూడా అతడు చూడలేదు.

"డాక్టర్ నమ్మకపోతే పాయె. నువ్వన్న నమ్ము అమ్మీ."

"నమ్ముతున్న బేటా. నువ్వు తాగలే."

"ఆ రోజు నమ్మనిదానివి, గిప్పుడెట్ల నమ్ముతున్నవ్?"

అమీనాబీ కొంగు కింద మోచేతి మడతను అరచేత్తో అదిమి పట్టుకుంది.

మంగళవారం సూది గుచ్చించుకుని అజమత్ డ్యూటీకి పోగానే, బిచ్చయ్యను బతిమాలి, కొడుకు నెత్తురును మోరీలో పారబోయించి, అతని పేరున్న సీసాలో ఆమె నింపించింది తన నెత్తురు.