నేస్తం ఇచ్చిన కెమెరా

“డబ్బా ఇప్పి సూపించమంటావా నేస్తం?” అన్నాడు శ్రీను.

“నీకాడ కొని డబ్బా ఇప్పి సూడ్డమేటి! అద్దానికి అంటించీ,” అన్నాడు ఈశ్వర్.

బరంపురంలో శ్రీనుకి కారు సామాన్ల కొట్టుంది. ఈశ్వర్ సొంత కారును అద్దెకు తిప్పుకుంటాడు.

పదేళ్ల వయసులో ఇద్దరికీ పెద్దవాళ్లు కొత్త బట్టలు మార్పించి, జీవితాంతం స్నేహితులుగా నేస్తం కట్టించారు. ఆనాటి నుంచి ఒకరినొకరు ‘నేస్తం’ అనే తప్ప పేరు పెట్టి పిలుచుకోలేదు. నేస్తం ఇచ్చింది తిప్పి చూడకూడదు. రసీదు అడిగితే అంతకన్నా అవమానం లేదు.

ఈశ్వర్ మూడు వారాలుగా డాష్‌క్యామ్ కోసం, అంటే కారు అద్దానికి పెట్టే కెమెరా కోసం తిరుగుతున్నాడు. పెద్ద షోరూములో ధర విని మెట్లు దిగిపోయాడు. ఫోన్లో చౌకవి వెతికితే, ఒకటి ఎండకు ఉబ్బిపోయిందని, ఇంకోటి రాత్రిపూట అంతా మసకేనని జనం తిట్లు రాశారు.

“ఇది పద్దెనిమిది వందలే. ముందుకి ఒక్కటే కెమెరా. ఎనక్కి నీకెందుకు?” అన్నాడు శ్రీను.

“సీకట్లో నంబరు ప్లేటు కనపడతదా?”

“దోమ వాలినా కనపడతది! మెమరీ కార్డు కూడా నానే ఏసిస్తాను, పో.”

కెమెరాలో ఎర్ర లైటు మిణుకుమంది. దాన్ని చూసినప్పుడల్లా ఈశ్వర్‌కి పక్క సీట్లో నేస్తం కూర్చున్నట్టే ఉండేది.

రెండు నెలలు గడిచాయి.

ఒక సాయంత్రం ఛత్రపురం దగ్గర, మార్కండి ఊరి రోడ్డులోంచి దూసుకొచ్చిన బైకు అతని కారుకు తగిలింది. బైకు మీది కుర్రాడు ఎగిరి పడ్డాడు.

అంబులెన్స్‌కి ఫోన్ చేసింది ఈశ్వరే. జనం అతని మీద చెయ్యి చేసుకునేలోగా పోలీసులు వచ్చి, అతన్నీ కారునీ స్టేషన్‌కి తీసుకుపోయారు.

కుర్రాడి పేరు అర్జున్. కారు రాంగ్ సైడులో వచ్చి గుద్దిందని అతని మేనమామ ఫిర్యాదు రాసిచ్చాడు.

“అబద్ధం సార్! నా కారులో కెమెరా ఉంది, సూడండి,” అన్నాడు ఈశ్వర్ ధైర్యంగా.

కానిస్టేబుల్ వైకుంఠరావు కార్డు తీసి కంప్యూటర్లో పెట్టాడు. చాలాసేపు చూశాడు.

“ఇందులో ఏటీ నేదు గదా!”

“సరిగ్గా సూడండి సార్.”

“డూప్లికేట్ కార్డు ఇది. పైన రాతే గాని లోపల డొల్ల.” వైకుంఠరావు తలెత్తాడు. “అసలు కార్డు దాచీసి, ఇది పెట్టినావేటి?”

ఈశ్వర్ అక్కడే నిలబడి శ్రీనుకి ఫోన్ చేశాడు.

“నేస్తం, నువ్వొచ్చి ఒక్క మాట సెప్పు. కార్డు నువ్వే ఏసినావని సెప్పు, సాలు. నేపోతే నాను సాక్ష్యం దాచీసినానని కేసు రాస్తారు.”

శ్రీను అడిగింది ఒక్కటే.

“బిల్లుందేటి?”

“నేస్తం...”

“సూడు ఈశ్వర్రావ్, బిల్లు నేని సరుకు నాది కాదు.”

ముప్పై ఏళ్లలో మొదటిసారి పేరు పెట్టి పిలిచాడు. ఈశ్వర్ ఫోన్ చెవికి అలాగే ఆనించుకుని ఉండిపోయాడు. అవతల శ్రీను ఎప్పుడు పెట్టేశాడో తెలియలేదు.

అతన్ని ఇంటికి పంపినా లైసెన్సూ కారూ పోలీసుల దగ్గరే ఉండిపోయాయి. మర్నాడు కాగితాలు కోర్టుకి వెళ్తాయనగా, మూడో రోజు మధ్యాహ్నం స్టేషన్ గేటు ముందు ఒక మనిషి అతన్ని ఆపాడు.

నలిగిన లుంగీ, మాసిన గడ్డం. చేతిలో ఫోను గట్టిగా పట్టుకుని ఉన్నాడు.

“తెల్లకారు ఈశ్వర్రావువి నువ్వేనా తమ్ముడూ?”

“ఔను. ఏటి?”

“ఆ రోజు నీ ఎనక ఒచ్చిన లారీకి కెమెరా ఉంది. అందులో అంతా పడింది. ఆ వీడియో నాకాడుంది.”

ఈశ్వర్ పక్కనున్న టీ బడ్డీ దాకా వినపడేలా నవ్వాడు.

“ఎంతకి?”

“ఏటి ఎంతకి?”

“అమ్ముకోడానికే గదా ఒచ్చినావు! బట్టలు మార్చుకున్న నేస్తమే నన్ను ముంచీసినాడు. ముక్కూ మొగం తెలీనోడివి, నువ్వు ఊరికే ఇచ్చీడానికి ఒచ్చినావా?”

ఆ మనిషి ఏదో చెప్పబోయాడు.

“ఆడ కుర్రోడు సావుబతుకుల్లో ఉన్నాడు. ఈడ నువ్వు బేరానికి దిగినావు. సిగ్గు నేదూ? నీకు పిల్లల్నేరేటి?”

బడ్డీ దగ్గర ఎవరో నవ్వారు.

“నీ తప్పేటీ నేదు తమ్ముడూ,” అని మాత్రం అని, ఆ మనిషి గేటు దాటి లోపలికి వెళ్లాడు.

పావుగంటకి బయటికొచ్చాడు. ఎవరి వైపూ చూడలేదు. దొరికిన ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

వెంటనే లోపలి నుంచి వైకుంఠరావు కేకేశాడు.

“బతికిపోయినావురా! వీడియోలో అంతా తేటగా ఉంది. నువ్వు నీ దారినే ఎల్తన్నావు. ఆ కుర్రోడే ఫోను సూసుకుంటా అడ్డంగా ఒచ్చీసినాడు.”

ఈశ్వర్ గబగబా లోపలికి వెళ్లాడు.

“ఆ మనిషెవరు సార్? లారీ డ్రైవరా?”

“లారీ డ్రైవరా! తప్పు నీదేనని తేల్చి నిన్ను జైల్లో ఏయించాలని, మూడు రోజులు దాబాల కాడ లారీలన్నీ గాలించినాడు. ఇయాల వీడియో దొరికింది. సూసుకున్నాడు, తిన్నగా ఇక్కడికే ఒచ్చీసినాడు.”

“నా మీద అంత పగేటి సార్ ఆయనకి?”

వైకుంఠరావు వాంగ్మూలం కాగితాన్ని ఈశ్వర్ ముందుకు జరిపాడు. చివరి వరుసలో, ఇంకా తడి ఆరని వేలిముద్ర పక్కన రాసి ఉంది: గురువులు, మార్కండి, గాయపడిన అర్జున్ తండ్రి.