రాగి దిమ్మె

"ఈ ఇంట్లో ఆ డబ్బా అయినా ఉండాలి, నేనైనా ఉండాలి," అంది భార్య, వచ్చి సరిగ్గా అతని ఎదురుగా నిలబడి.

ఆమె ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సు. పగలు పడుకోవాలి. ఉన్నది ఒక్కటే గది. అందులోనే అతను కంప్యూటర్ ముందు కూర్చుని కార్టూన్ సినిమాలకి బొమ్మలు చేస్తాడు. పని ఎక్కువైతే లోపలి ప్రాసెసర్ కుంపటిలా కాగుతుంది. దాన్ని చల్లార్చే ఫ్యాన్ పిండిమరలా మోగుతుందట.

"రేపటి నుంచి అక్క వాళ్లింటికెళ్లి పడుకుంటా."

అతని గుండెల్లో రాయి పడింది. ఆమె లేకపోతే ఆ గదిలో అతనికి ముద్ద దిగదు.

"ఒక్క వారం ఆగు! అసలు ఫ్యానే లేకుండా చేస్తా. నీళ్లతో చల్లారుస్తా!"

"నాకు చెప్తే చాలు. వీధి వీధంతటికీ అక్కర్లేదు."

లేతు షాపుకి అరచేతిలో పట్టే రాగి దిమ్మె పట్టుకెళ్లి, నీళ్లు పారడానికి గాడులు తీయమన్నాడు. మేస్త్రీ మెషిన్ మీదికి వంగి ఏదో అన్నాడు.

"ఏంటి?"

మళ్లీ అన్నాడు.

"ఏంటీ?"

మేస్త్రీకి చిర్రెత్తి ఇటు తిరిగాడు. "మరీ లోతుగా తీస్తే చిల్లు పడుతుందంటున్నానయ్యా బాబూ!"

"ఆ, అదా. సరే."

దిమ్మె మీద రబ్బరు వాషరు వేసి మూత బిగించాడు. కారింది. విప్పి మళ్లీ బిగించాడు. మళ్లీ కారింది. వాషరు మార్చాక కింద పరిచిన పేపరు తడవలేదు. దిమ్మెని ప్రాసెసర్ మీద కూర్చోబెట్టి, చేపల తొట్టి పంపూ, పాత కారు రేడియేటరూ తగిలించి, ఫ్యాన్లన్నీ పీకేశాడు.

భార్య డ్యూటీ నుంచి వచ్చేసరికి కొత్త పెళ్లికొడుకులా కూర్చుని ఉన్నాడు. ఆమె గుమ్మంలోనే రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

"ఆ పంపు ఇనప బీరువాని దడదడలాడించేస్తోంది! పైగా నవ్వుతున్నావా?"

అతను వెళ్లి బీరువాకి అరచెయ్యి ఆనించాడు. నిజమే. నాలిక కరుచుకుని, పంపుని ఇవతలికి లాగి కింద స్పాంజి పెట్టాడు.

ఆమె పడుకుంది. అతను బొమ్మలు చేస్తూనే మాటిమాటికీ ఆమె మొహం చూశాడు. ముడిపడ్డ కనుబొమలు కాసేపటికి విడివడ్డాయి. పొద్దు వాలేదాకా ఆమె అటు నుంచి ఇటు దొర్లలేదు. అతని ప్రాణం లేచొచ్చింది.

ఆమె లేచి ఒళ్లు విరుచుకుంది. "ఎన్నాళ్లయిందో ఇలా నిద్రపోయి!"

"ఇంతకీ ఆ ఫ్యాన్ మోత ఎలా ఉండేదేంటి?" అని అడిగాడు, పుట్టి బుద్ధెరిగాక ఒక్క శబ్దమైనా విని ఎరగని ఆమె మొగుడు.