చూపున్న పిల్ల రక్తం

"స్వర్ణక్కా, నర్సమ్మ రెండు సీసాలూ నా చేతికే ఇచ్చిపోయినాది. పాప నా కొంగు ఇడిసిపెట్టల్యా. మాది గూడా నువ్వే ల్యాబులో ఇచ్చి రాక్కా."

పక్క మంచం దిల్షాద్ రెండు చిన్న రక్తపు సీసాలు అందించింది. కర్నూలులోని ఆ పిల్లల ఆసుపత్రిలో తీసిన రక్తాన్ని తల్లిదండ్రులే రోడ్డవతలి ల్యాబుకు తీసుకుపోవాలి. స్వర్ణలత సీసాలు అందుకుంది గాని, ఆమె కళ్ళు పాప మీదే ఉన్నాయి. పాప కిటికీలోంచి పావురాన్ని చూస్తోంది. చూస్తోంది! మెదడు నరాల పైపొర వాచే జబ్బే ఇద్దరు పిల్లలకూ. మందూ అదే. ఆ పిల్లకు చూపు తిరిగొచ్చింది. తన కొడుకు హర్షవర్ధన్‌కు రాలేదు.

"అమ్మా, పావురం వచ్చిందా? రెక్కల సప్పుడు ఇనపడతాంది. ఏం రంగుదమ్మా?" మంచం మీంచి హర్ష అడిగాడు.

"ఎంత ముద్దుగా మాట్లాడతాడక్కా మీవాడు!" అంది దిల్షాద్. "మాట పడిపోయి మా పాప అమ్మీ అని పిలిచి ఎన్నాళ్ళాయనో. నీ అదృష్టమక్కా."

ఎత్తిపొడుపు, అనుకుంది స్వర్ణలత. కళ్ళున్న పిల్లను ఒళ్ళో పెట్టుకుని నా అదృష్టం గురించి మాట్లాడుతోంది.

మెట్లు దిగుతుంటే డాక్టర్ యామిని పొద్దున ఇద్దరు తల్లులకూ చెప్పిన మాటే చెవుల్లో తిరిగింది. "రక్తంలో ఈ పరీక్షలో చూసే యాంటీబాడీ ఉంటే ఒక రకంగా మంచిదేనమ్మా. ఆ రకం జబ్బైతే పిల్లలు చాలామటుకు కోలుకుంటారు. లేకపోతే ఇంకేమిటోనని మళ్ళీ వెతకాలి."

ఉంటే ఆ పిల్లకే ఉంటుంది. అన్నీ ఆ పిల్లకే.

మెట్ల మలుపులో ఎవరూ లేరు. పేర్లు రాసి అంటించిన ప్లాస్టరు ముక్కలు గోటితో లాగితే ఊడి వచ్చాయి. హర్ష పేరు తీసి పాప సీసాకు, పాప పేరు తీసి హర్ష సీసాకు అంటించింది. పేరు మారితే జబ్బు మారదని ఆమెకు తెలియక కాదు. ఆ మంచి మాట ఒక్కసారి తన కొడుకు పేరు మీద వినాలి. దిల్షాద్ వినకూడదు.

తర్వాతి రోజుల్లో ఆ పిల్ల నవ్వినప్పుడల్లా స్వర్ణలత ముఖం తిప్పుకుంది. ఒకసారి ఎండ పడుతోందని వంక పెట్టి కిటికీ తెర లాగేసింది. చూసేందుకు పావురం లేక పాప గోడకేసి కూర్చుంటే ఆమె మనసుకు హాయిగా అనిపించింది. ఆ హాయికి తనే ఉలిక్కిపడింది. తెర మాత్రం తీయలేదు.

రిపోర్టులు వచ్చిన రోజు డాక్టర్ ఇద్దరు తల్లులనూ గదిలోకి పిలిచింది.

"దిల్షాద్, మీ పాపకు యాంటీబాడీ ఉంది. స్వర్ణలతా, హర్షకు లేదమ్మా."

స్వర్ణలత ఏడవలేదు. ఒక్క క్షణం ఆగి ఆమె గుండె గంతులేసింది. లేనిది పాపకు! ఉన్నది హర్షకు! సిగ్గు కూడా అడ్డం రాలేదు.

"మేడమ్, ఆ లేనిది మావాడిది కాదు, వాళ్ళ పాపది. ల్యాబుకు పోతా పోతా నేనే పేర్లు మార్చినా. తిట్టండి, పోలీసులకన్నా పట్టియ్యండి. మావాడికి ఉండాది మేడమ్, మావాడికే ఉండాది!"

డాక్టర్ చేతిలో పెన్ను ఆగిపోయింది. స్వర్ణలత దిల్షాద్ వైపు తిరిగింది. ఆ ముఖం వాడిపోవడం కళ్ళారా చూడాలనిపించింది. వాడిపోయింది కూడా. అయితే దిల్షాద్ అరవలేదు, తిట్టలేదు. స్వర్ణలత రెండు చేతులూ పట్టుకుంది.

"మాఫ్ చేయక్కా. మాటలొచ్చే పిల్లోని రక్తమే మంచిది అనుకుంటి. నీ చేతికి ఇయ్యకముందే నేనూ పేర్లు మార్చి పెట్టినా."