నాయన చూసిన సూర్యుడు

"లేదు నాయనా, రంధ్రం లేదు!" అంది చంద్రిక.

నగరి నుంచి బస్సులో క్యారియరు పట్టుకొచ్చిన సుబ్రమణ్యం కూతురి పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. కంప్యూటర్ తెర మీద సూర్యుడు నారింజ రంగులో మెత్తగా వెలుగుతున్నాడు. పరిశోధనా కేంద్రం బయట మైదానంలో ఏంటెనాలు ఆ సూర్యుడి సడే వింటూ నిలబడ్డాయి. మధ్యాహ్నపు ఎండలో తిరుపతి కొండలు కలలో కనిపించినట్టు తేలుతున్నాయి.

సూర్యుడి చుట్టూ ఉండే కరోనా అనే వేడి పొర అక్కడక్కడా పల్చబడుతుంది. అదే కరోనా రంధ్రం. మామూలు కంటికి ఆనదు. రేడియో తరంగాలతో తీసిన బొమ్మలో మాత్రం నల్లగా పడుతుంది. ఈరోజు అది సరిగ్గా నడిమధ్యకి వస్తుందని చంద్రిక తయారుచేసిన నమూనా చెప్పింది. సూర్యుడేమో ఆ మాట ఖాతరు చేయలేదు.

"సాయంత్రం మా సార్ వస్తాడు. రంధ్రం కనబడకపోతే నా లెక్కంతా తప్పే. ఇన్నేళ్ల కష్టం గంగలో కలిసినట్టే" అంటూ ఏడ్చేసింది.

సుబ్రమణ్యం తెర మీదికి వంగాడు. "ఏడస్తావెందుకమ్మా? ఉండాది కదా, నడాన! నల్లంగా."

"యాడ?"

ఆయన వేలు సరిగ్గా నమూనా చెప్పిన చోటే ఆనింది.

చంద్రికకు ప్రాణం లేచొచ్చింది. చీరలో ఒక్క పోగు తప్పినా పట్టేసే నేతగాడి కళ్లు మరి! బొమ్మను పెద్దది చేసింది. రంగులు మార్చింది. తనకు మాత్రం అంతా ఒకటే నారింజ. అయినా నమ్మింది. నమ్మాలని అంత ఆశగా ఉంది.

"నాకు కనబడంది నీకెట్లా కనబడతా ఉండాది నాయనా?"

"అలవాటైపోయింది లేమ్మా" అని మురిపెంగా నవ్వాడు. "నా బిడ్డ సూసేది నేనూ సూడాలని, రోజూ మధ్యాన్నం మగ్గం దిగి మిద్దెక్కుతా ఉండాను. రెప్పెయ్యకుండా సూరీడినే సూస్తాను. మొదట్లో ఏమీ కనబళ్లేదు. ఆనక కనబడింది."

చంద్రిక చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది.

"నాయనా... ఒకసారి నన్ను చూడు."

ఆయన ప్రేమగా ఆమె వైపు తిరిగాడు.

"అప్పుడు సూరీడిలోనే ఉన్నింది తల్లీ. ఇప్పుడు నీ మొగం నడాన గూడా అదే నలుపు."