ఊరు చూపించే మనిషి

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఇది పక్కగదిలోకి వినపడాల్సిన కథ కాదు.

ఊరు చూపించడం అతని పని. ప్రతి ఆదివారం పచ్చజెండా ఒకటి పట్టుకుని గడియారస్తంభం కింద నిలబడతాడు. డబ్బు కట్టి వచ్చిన జనాన్ని సందులూ గొందులూ తిప్పుతాడు. వాళ్లేమీ పైఊరివాళ్లు కారు. పుట్టి పెరిగిన ఊళ్లోనే పక్కవీధిలో ఏముందో ఎరగనివాళ్లు. ఏ బేకరీలో బన్ను దూదిలా ఉంటుందో, ఏ కొట్లో పాత తాళాలకి కొత్త చెవులు చేస్తారో, ఏ పార్కులో బ్యాండు వాయిస్తారో, అన్నీ అతనికి అరచేతిలో గీతల్లా తెలుసు.

ఆ ఆదివారం మాత్రం అతని ప్రాణం పొద్దున్నే ఉసూరుమంది. కిందటిసారి ఎవరో ఫోన్లో ఒక్క స్టారే ఇచ్చి, పైగా గైడు విసుక్కున్నాడని రాశారు. టూర్లు నడిపే యజమాని పిలిచి మెత్తగానే చెప్పాడు, ఇంకొక్కరు మొహం చిట్లించినా ఈ పని తన అల్లుడికి అప్పజెబుతానని. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారే, ఇక్కడ ఆ అల్లుడే ఇతనికి శని.

జనం పోగయ్యారు. అందరికన్నా వెనక, ఎర్రగొడుగు వేసుకుని ఒకావిడ నిలబడి ఉంది. ఆమెను చూడగానే అతని గుండెల్లో రాయి పడింది. అలా పెదవి బిగించుకుని వచ్చిన మనిషి ఏం చేయగలదో అతనికి అనుభవమే.

అనుకున్నంతా అయింది. బేకరీ ముందు నిలబడి, ఈ బన్ను పొయ్యిలోంచి తీసిన వేడిమీదే తినాలనీ, ఇంటికి పట్టుకెళితే దీని రుచి చచ్చిపోతుందనీ అతను ఊరించి ఊరించి చెబుతున్నాడు.

"అంటే ఇంట్లో ఉన్నవాళ్లకి ఈ జన్మకి దీని రుచి తెలీదన్నమాట," అంది ఎర్రగొడుగావిడ.

జనం నవ్వారు. అతనూ పెదాలు సాగదీశాడు. నవ్వకపోతే స్టార్లు రాలిపోవూ.

తాళాల కొట్టు దగ్గర అతనికొక ఆస్థాన జోకుంది. ఆ ముసలి తాళాలాయన్ని చూపించి, "ఈయన తియ్యలేని తాళం లేదండీ..." అని ఒక్క క్షణం ఊపిరి బిగబట్టాడు.

"అత్తగారి బీరువాది తప్ప," అని వెనకనుంచి పూర్తి చేసేసింది ఆవిడ.

ఈసారి నవ్వంతా ఆవిడ ఖాతాలోకి పోయింది. వండినవాడొకడు, వడ్డించుకున్నవాడొకడు. రిటైరైన మాస్టారొకాయన వెనక్కి తిరిగి, ఇదివరకు ఈ టూరుకి వచ్చారా అని ఆవిడని అడిగాడు.

"చెవులతో చాలాసార్లు వచ్చానండీ. కాళ్లతో ఇదే మొదలు."

మాస్టారికి అర్థం కాలేదు. గైడు మాత్రం జెండా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

పెద్దరోడ్డు దగ్గర, గుంపులోని మోకాళ్లనొప్పుల మామ్మగారిని చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా దాటించాడు. ఎర్రగొడుగు అవతలి అంచునే ఆగిపోయింది. దానికోసం మళ్లీ వెనక్కి వెళ్లాలా అని ఒళ్లు మండింది అతనికి. చూడనట్టే జెండా ఎత్తి ముందుకు నడిచాడు. కాసేపటికి ఆవిడే, హారన్ల మధ్యలోంచి, గొడుగు మూసుకుని పరుగున వచ్చి కలిసింది.

ఐస్‌క్రీం కొట్టు దగ్గర అందరూ తలోటి తీసుకున్నారు. ఆవిడ కళ్లు మూసుకుని తింటోంది. కరిగి మణికట్టు మీదుగా మోచేతిదాకా కారుతున్నా తుడుచుకోలేదు. హమ్మయ్య, నోరు ఆడుతున్నంతసేపూ మాట ఉండదులే అనుకున్నాడతను. అంతలోనే కళ్లు తెరిచింది.

"మీ ఇంటావిడకి ఇందులో ఏది ఇష్టమండీ?"

అతను కొట్టు బోర్డు వైపు తిరిగాడు. చెప్పండి చెప్పండి అన్నాడు మాస్టారు, మేమూ అదే రుచి చూస్తాం అని.

"మా ఆవిడకి ఇలాంటివేమీ పట్టవండీ," అన్నాడు.

"అడిగి చూశారా?"

ఆ మాట ఆవిడ వెటకారంగా అనలేదు. మామూలుగానే అంది. అదే అతనికి పుండుమీద కారంలా తగిలింది. మిగతా దారంతా ఏ గోడ ఎవరు కట్టారో ఒకదానికొకటి మార్చి చెప్పాడు.

చివరికి పార్కుకి చేరారు. బ్యాండు మొదలైంది. జనం ఫోన్లు తీసి స్టార్లు నొక్కి, దణ్ణాలు పెట్టి వెళ్లిపోయారు. ఎర్రగొడుగావిడ మాత్రం బెంచీ మీదినుంచి కదల్లేదు. ఫోను ఒళ్లో పెట్టుకుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఏదో రాస్తోంది. అతను దగ్గరికి వెళ్లి, గొంతు తగ్గించి, నా పొట్టమీద కొట్టొద్దని బతిమాలాడు.

"పక్కకి జరగండి. బ్యాండు కనపడ్డం లేదు," అంది.

అప్పుడే అతని ఫోను మోగింది. యజమాని.

"ఏం మందు పెట్టావయ్యా జనానికి? అందరూ నిండుగా స్టార్లిచ్చారు. ఒకావిడ రాసింది కూడానూ. ‘మన ఊళ్లో ఇన్ని ఉన్నాయని ఇవాళే తెలిసింది, గైడుగారు పరాయివాళ్లని ఎంతో బాగా చూసుకుంటారు’ అని. వచ్చే ఆదివారానికి కూడా పేరిచ్చింది. ఇంక మా అల్లుడి ఊసెత్తనులే."

అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు. అక్కడే పచ్చికలో చతికిలబడ్డాడు.

ఈ కథ మీరూ గుర్తుపెట్టుకుని నలుగురికీ చెప్పండి, కానీ ఈ ఒక్క ముక్కా నాలాగే ఆఖరికి దాచండి: ఊరు చూపించమని అడిగినప్పుడల్లా "ఈ ఊళ్లో చూడ్డానికేముందే" అని కసురుకునే ఆ గైడుతో, అంటే కట్టుకున్న మొగుడితో, ఒక్కపూట ఊరు తిరగాలంటే ఆ ఎర్రగొడుగు ఇల్లాలికి టికెట్టు కొనుక్కోవడం తప్ప ఇంకో దారి దొరకలేదు.