మాట వినని పుస్తకం

ఆ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ గోడలే కథలు చెప్పేవి. పిల్లలు ఎలా కావాలంటే అలా మార్చి చెప్పేవి. ఏడేళ్ల ఆమని అన్నం తింటూ "పులి వద్దు" అంటే చాలు, పులి కాస్తా పిల్లి అయిపోయేది.

సెలవులకు తన ఇంటికి వచ్చిన మేనకోడలు ఆమనికి హైమవతి తన చిన్ననాటి పుస్తకం తీసి చదవసాగింది. కోటలూ యుద్ధాలూ ఉన్న కాలం నాటి కథ. చుక్కమ్మ అనే పిల్ల ప్రాణంగా పెంచుకున్న గుర్రాన్ని రాజభటులు యుద్ధానికి తోలుకుపోతారు.

"గుర్రం తిరిగొచ్చెయ్యాలి," అంది ఆమని పుస్తకంతో. పుస్తకం పలకలేదు. ఈసారి గట్టిగా చెప్పి చూసింది. "అత్తా, దీనికి ఛార్జింగ్ అయిపోయినట్టుంది."

హైమవతి నవ్వు ఆపుకుంది. "ఇది మన మాట వినదమ్మా. గుర్రం ఇక రాదు."

"చుక్కమ్మ నిజంగా ఉందా?"

"చుక్కమ్మ కల్పనే. కానీ అలా గుర్రాల్ని పోగొట్టుకున్న పిల్లలు ఆ కాలంలో నిజంగానే ఉండేవాళ్లు."

ఆమని కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. కథ విని ఏడవడం ఆ పిల్లకు అదే మొదటిసారి. విసురుగా లేచి వసారాలోకి పోయింది. ఇక పుస్తకం మొహం చూడదేమోనని దిగులుపడుతూ హైమవతి తరగడానికి మునక్కాడలు ముందేసుకుంది.

కాసేపటికి ఆమని వచ్చి ఆవిడ పక్కన చేరింది. "మళ్ళీ చదువత్తా."

"మళ్ళీ చదివినా రాదే తల్లీ."

"తెలుసులే. పోయేముందు చుక్కమ్మ దానికి బెల్లం తినిపిస్తుంది కదా. అక్కడ మెల్లగా చదువు."