చెలమకు కాపలా

ఎండిన వాగులో ఏదుపంది ఒక చెలమ తవ్వి, అడవి అంతటికీ నీళ్లు తాగిస్తూ మంచి పేరు తెచ్చుకుంది. కానీ ఇసుక కూలి చెలమ పూడిన సంగతి దానికి ఎప్పుడూ అడవిపంది తిట్లతోనే తెలిసేది. అందుకని ఓ కాపలా పెట్టుకోవాలనుకుంది.

నెమలి రోజుకు బుట్టెడు గింజలు అడిగింది. తీతువు గుప్పెడు పురుగులు చాలంది. తొండ మాత్రం, "నీ కలుగు ముందు చీమల్ని తిననివ్వు. నీళ్లుంటే నోరెత్తను, లేకపోతే వచ్చి చెబుతా" అంది.

"నోరెత్తకపోతే నువ్వు నిద్రపోవడం లేదని నాకెలా తెలుస్తుంది?" అంది ఏదుపంది.

మూడింటినీ ఒకరోజు పనిలో పెట్టి, తెల్లారగానే తనే వెళ్లి చెలమ పూడ్చేసి, ఏమీ ఎరగనట్టు కలుగులో పడుకుంది.

తీతువు గోల పెడుతూనే ఉంది గానీ, అది ఎండుటాకు రాలినా అలాగే గోల పెడుతుంది. నెమలి ఇంకా ఈకలు దువ్వుకుంటోంది. ఇంతలో తొండ రొప్పుతూ వచ్చి, "చెలమ పూడింది" అంది.

"అయ్యో, ఎవరి పనో?"

"అది నాకు తెలియదు. ఇసుకలో నీ ముల్లు దొరికితే తెచ్చా, తీసుకో."

ఏదుపంది ముల్లు అందుకుని, తలొంచుకుని కలుగులోంచి బయటికొచ్చింది.

"రా, చీమలు ఎక్కడున్నాయో చూపిస్తా" అంది.